స్క్వయిర్ కారు

మోటారు కార్లను వేలకొలది నిర్మించిన కర్మాగారముల చరిత్రము పలువు రెఱిగినదే. పది కార్లనైనను అమ్మజాలక మూతపడిన యొక చిన్న సంస్థను గూర్చి యిచట వ్రాయుచున్నాను. యంత్రములయం దభిరుచిగల బాలురకు దీనియందు గ్రహింపదగిన విషయములు మెండుగా గలవు.

ఏడ్రియన్ స్క్వయిర్ 1910లో ఇంగ్లండున జన్మించెను. పాఠశాలలో చదువుకొను దినములలోనే, ఇంకను పుట్టని కారునకు తన పేరు పెట్టి, దాని వర్ణనతో నొక విక్రయపట్టికను వ్రాసికొనెను. బాలు రిట్టివి గీయుట వింత కాదు. పెద్దవాడైన పిదపను ఆ తలపును విడువకుండుటయే వింత. అతడు బెంట్లీ కంపెనీలో పని నేర్చి, ఎం.జి. కంపెనీలో యంత్రచిత్రములు గీయు నుద్యోగము చేసి, 1931లో థేమ్సు నదీతీరమందలి హెన్లీ పట్టణము చెంత, రెమెన్‌హామ్ కొండపై మిత్రులతో గూడి స్వంత సంస్థను నెలకొల్పెను. 1934 నాటికి కారు సిద్ధమయ్యెను.

దాని యింజను బ్రిటిష్ అంజానీ సంస్థవారిది. పరిమాణము ఒకటిన్నర లీటరు మాత్రమే. అయినను సుమారు 105 అశ్వముల శక్తి నిచ్చెడిది. ఇదెట్లు? సామాన్యమైన యింజనులో పిస్టను క్రిందికి దిగునపుడు గాలియు పెట్రోలు ఆవిరియు తమంతట లోనికి వచ్చును. వాతావరణపు ఒత్తిడి యెంత త్రోయునో అంతియే వచ్చును. స్క్వయిర్ కారునందు సూపర్‌చార్జరు అను పంపు అమర్పబడెను. కమ్మరి తిత్తి కొలిమిలోనికి గాలి నూదినట్లు, ఇది ఆ మిశ్రమమును బలవంతముగా సిలిండర్లలోనికి నెట్టును. ఎక్కువ మిశ్రమము మండుటచే ఎక్కువ శక్తి పుట్టును.

గేరుపెట్టె మరియు విచిత్రమైనది. దీనిని కనిపెట్టిన విల్సను అను ఇంజనీరు మొదటి యుద్ధటాంకుల నిర్మాణమునను పాల్గొన్నవాడు. నడుపువాడు తనకు రాబోవు గేరును చిన్న మీటతో ముందే యెన్నుకొని, వలసినపుడు పెడలును త్రొక్కిన చాలును. లోపల నడుమ నొక పండ్లచక్రము సూర్యునివలె నుండును. చుట్టును చిన్నచక్రములు గ్రహములవలె తిరుగును. వానినన్నిటి నావరించి లోపలివైపు పండ్లుగల వలయ ముండును. ఆ వలయమును పట్టీ బిగించి నిలిపినచో, గ్రహములను మోయు చట్రము సూర్యచక్రముకంటె మెల్లగా తిరుగును. పండ్లు ఎల్లప్పుడు ఒండొంటితో కలిసియే యుండును గావున గేరు మార్చునపుడు కీచుమను ధ్వని లేదు. ఒకసారి బొమ్మ గీసికొని చూచినగాని యిది మనసున కెక్కదు.

బ్రేకుల డ్రమ్ములు మెగ్నీషియపు మిశ్రలోహముతో చేయబడెను. ఏ భాగమునందును చౌకరకమును వాడుట కతడు సమ్మతింపలేదు. తత్ఫలితముగా వెల 1,200 పౌనులను మించెను. అప్పటి చిన్న ఎం.జి. కారు దానిలో ఐదవవంతు వెలకే దొరకెడిది. వెల తగ్గించి చూచినను కొనువారు రాలేదు. 1935లో పందెములకై ఒకే యాసనముగల స్క్వయిరును నిర్మింపగా లూయీ ఫాంటెస్ నడిపెను. ఆ యేడే లెమాన్ 24 గంటల పందెమున లాగొండా కారుపై గెలిచిన యిద్దరిలో అత డొకడు. స్క్వయిరుపై మాత్రము చెప్పుకొనదగిన విజయము లభింపలేదు. నా యభిప్రాయమున, గెలుపు వచ్చియున్నను ఆ వెలకు కార్లు అమ్ముడుపోవుట కష్టమే.

1936లో సంస్థ మూతపడెను. అప్పటికి తయారైనవి ఏడు కార్లు. జెత్రిన్ అను నాతడు మిగిలిన భాగములను కొని మరి రెండు మూడింటిని కూర్చెను. స్క్వయిర్ తరువాత బ్రిస్టలునందలి విమానకర్మాగారమున పనిచేయుచు, 1940లో జరిగిన వైమానికదాడిలో మరణించెను. అప్పటి కతని వయస్సు ముప్పది యేండ్లు. నాడు కొనువారు లేని యా కార్లలో కొన్ని నేటికిని నడచు స్థితిలో నున్నవి.