ముష్టియుద్ధ రంగమున తెలుగునాటి వనిత

కోనసీమ గ్రామములలో సాయంసమయమున సభలు జరుపునపుడు మేము క్రీడలను గూర్చి కూడ ముచ్చటించుట కలదు. బాడ్మింటను పేరు చెప్పగానే అందరి ముఖములు వికసించును. అమలాపురపు బిడ్డ రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ఆ ఆటలో జగద్విఖ్యాతుడగుటయే అందులకు కారణము. ఒకనాడు రాజోలు ప్రాంతమున ఆడపిల్లల బాక్సింగును ప్రస్తావింపగా, ముందు వరుసలోని ఒక వృద్ధురాలు, "ముక్కు పగిలిన పిల్లను ఎవరు చేసుకుంటారండీ, బాబుగారూ?" అని అడిగెను. సభ యావత్తు నవ్వెను. మేము మాత్రము నవ్వలేదు. నిజామాబాదులో ఒక తల్లి తన కుమార్తెను గూర్చి సరిగా ఇదే దిగులు పడియుండెను. ఆ కుమార్తెయే రెండు పర్యాయములు ప్రపంచ విజేతయైన నిఖత్ జరీన్.

ఆమె 1996 జూన్ 14వ తేదీన నిజామాబాదులో జన్మించెను. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్, తల్లి పర్వీన్ సుల్తానా. నలుగురు ఆడపిల్లలలో ఈమె మూడవది. తండ్రి స్వయముగా ఆటగాడు. సంసారము కొరకు సౌదీ అరేబియాలో కొన్ని సంవత్సరములు ఉద్యోగము చేసి, పిల్లల భవిష్యత్తునెంచి స్వస్థలమునకు తిరిగివచ్చెను. గల్ఫు దేశములకు పోయివచ్చినవారు మన సీమలో అనేకులు కలరు గనుక, ఆ తండ్రి మనఃస్థితిని మేము వేరుగా వివరింపనక్కరలేదు.

నిఖత్ మొదట పరుగుపందెములలో సాధన చేసెడిది. మైదానమున ఒకనాడు బాక్సింగు జరుగుచుండగా చూచెను. ఇతర క్రీడలన్నింట బాలికలు కలరు. దీనియందు మాత్రము ఒక్కరును లేరు. ఇదేమని తండ్రి నడిగెను. ఆడవారును ఆడవచ్చును గాని, వారికంతటి బలము లేదని లోకులు తలతురని ఆయన బదులు చెప్పెను. ఆ సమాధానములోని రెండవ భాగము బాలికకు నచ్చలేదు. సాధన ఆరంభించిన దినములలో తోటి బాలికలు లేనందున మగపిల్లలతోనే తలపడవలసి వచ్చెను. ముక్కు నుండి రక్తము కారి, కన్ను కమిలి ఇల్లు చేరిన దినమున తల్లి కంటనీరు పెట్టుకొని, ఇట్టి పిల్లకు పెండ్లి ఎట్లగునని వాపోయెను. పేరు వచ్చిన పిమ్మట వరులే బారులు తీరుదురని కూతురు ఊరడించెనట! పొట్టి నిక్కరు ధరించి ఆడుట తగదని బంధువులు ఆక్షేపించిరి. తండ్రి ఆ మాటలను చెవినిడలేదు. మా దృష్టిలో ఈ చరిత్రయందలి మొదటి గెలుపు ఆయనది.

ఇచ్చట ఆటను గూర్చి కొంత చెప్పవలసియున్నది. బాక్సింగనగా కోపము కొలది కొట్టుకొనుట కాదు. నలువైపుల త్రాళ్లు కట్టిన చదరపు వేదికను రింగు అందురు. ఆడువారు చేతులకు మెత్తని గ్లవుసులు, తలకు రక్షణ కవచము, పండ్లకు తొడుగు ధరింతురు. నడుము క్రింద గాని, తల వెనుక గాని కొట్టరాదు. మూడేసి నిమిషముల చొప్పున మూడు రౌండ్లు, నడుమ నడుమ ఒక్క నిమిషము విశ్రాంతి. చుట్టును ఐదుగురు నిర్ణేతలు కూర్చుందురు. ప్రతి రౌండునందును మేలుగా ఆడినవారికి 10, రెండవవారికి 9 లేక అంతకు తక్కువ గుణములు వేయుదురు. ఐదుగురును ఒకరినే విజేతగా ఎంచినచో 5-0 తేడాతో గెలుపని ప్రకటింతురు. సమాన బరువు గలవారినే జోడు కుదుర్తురు. జోడు చూచుట ఎంతటి విద్యయో సంక్రాంతి దినములలో మన ప్రాంతమువారికి మేము చెప్పబనిలేదు, పందెములు చట్టవిరుద్ధములైనను! పోటీనాటి ఉదయము తూనిక జరుగును; నిర్ణీతమైన బరువునకు కొంచెము మించినను రింగున అడుగు పెట్టనీయరు. కావున కొట్టుట, తప్పుకొనుటలతో బాటు ఆకలిని ఓర్చుటయు ఈ విద్యలో ఒక భాగము.

స్త్రీలకు ఈ క్రీడలో ప్రవేశము ఆలస్యముగా లభించెను. మొదటి ప్రపంచ మహిళా పోటీలు 2001లో అమెరికా దేశమందలి స్క్రాంటన్ పట్టణమున జరిగెను. ఒలింపిక్ క్రీడలలో 2012 లండను ఉత్సవముల వరకు వారికి తావే లేదు. మణిపురమునకు చెందిన మేరీ కోమ్ ఆ 2001లో రజతమును, పిదప ఆరు పర్యాయములు ప్రపంచ స్వర్ణమును, లండనులో కాంస్యమును గెలిచి భారత బాలికలకు దారి చూపెను. విశాఖపట్టణమునకు చెందిన ఎన్. ఉష సైతము ఈ క్రీడకు చేసిన సేవకు 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారము నందెను.

నిఖత్ 2009లో ఆ విశాఖకే వచ్చి, భారత క్రీడాప్రాధికార సంస్థ శిక్షణయందు చేరెను. అచ్చట ద్రోణాచార్య పురస్కార గ్రహీతయగు ఐ. వెంకటేశ్వరరావుగారు ఆమెకు గురువైరి. రెండేండ్లలోనే, 2011లో, టర్కీ దేశపు అంతాల్యాలో జరిగిన బాలికల ప్రపంచ పోటీలలో ఆమె స్వర్ణము గెలిచెను. అప్పటికి ఆమెకు పదునైదేండ్లు నిండలేదు.

ఇంత చిన్న వయసున ఇంతటి గెలుపు లభించిన పిమ్మట ఇక అడ్డేమున్నదని చదువరులు తలపవచ్చును. పెద్దల విభాగమున ప్రపంచ స్వర్ణము చేతికి వచ్చుటకు పదునొకండు సంవత్సరములు పట్టెను! బల్గేరియా దేశమున జరిగిన యువతుల ప్రపంచ పోటీలలో రజతముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. 2017లో భుజపు కీలు తప్పి, శస్త్రచికిత్స జరిగి, ఏడాది కాలము పోటీలకు దూరమయ్యెను. ముష్టిని విసరు భుజమే చెడినప్పుడు ఆ మనస్సు ఎట్లుండునో, గెల పండెడు వేళ తుపానుకు తోట కూలిన రైతు ఎరుగును.

అంతకు మించిన పరీక్ష 2019లో ఎదురయ్యెను. అదే మేరీ కోమ్, అదే 51 కిలోల తరగతి. ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌నే నేరుగా పంపుదురన్న మాట వినబడగా, నిఖత్ కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగ లేఖ వ్రాసి, తనకొక్క అవకాశము, న్యాయమైన ఎంపిక పోటీ, కావలెనని కోరెను. అంతటి పెద్దను సవాలు చేయుట అవినయమని కొందరు నిందించిరి. తుదకు డిసెంబరు 28వ తేదీన ఢిల్లీలో పోటీ జరిగెను. నిఖత్ 9-1 తేడాతో ఓడిపోయెను. ఓటమి స్పష్టము, దానికి వంకలు వెదుకబనిలేదు. అయినను ఆమె కోరినది గెలుపు కాదు, పోటీ. అది ఆమెకు దక్కెను. అవినయమన్న విమర్శతో మేము ఏకీభవింపము. బరిలోనికి దిగి తేల్చుకొందమనుటలో పెద్దలకు అగౌరవమెక్కడ?

2022 మే 19వ తేదీన ఇస్తాంబులు నగరమున, 52 కిలోల తరగతిలో, థాయ్‌లాండు దేశపు జుతమాస్ జిట్‌పాంగ్‌ను 5-0తో ఓడించి నిఖత్ ప్రపంచ విజేతయయ్యెను. ఈ కీర్తి దక్కిన భారత మహిళలలో ఆమె ఐదవది. ఆ ఆగస్టు 7వ తేదీన బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ క్రీడల స్వర్ణము గెలిచెను. మరునాడే అదే నగరమున మన సాత్విక్, తన జోడీ చిరాగ్ శెట్టితో కూడి బాడ్మింటను డబుల్సు స్వర్ణమును సాధించెను. 2023 మార్చిలో ఢిల్లీయందు, ఈ పర్యాయము 50 కిలోల తరగతిలో, వియత్నామునకు చెందిన న్యుయెన్ థి తామ్‌ను ఓడించి నిఖత్ రెండవసారి ప్రపంచ స్వర్ణము గైకొనెను. ఆ ఏట హాంగ్జౌ ఆసియా క్రీడలలో కాంస్యముతో బాటు పారిసు ఒలింపిక్కునకు అర్హతయు లభించెను.

పారిసులో అదృష్టము కలసిరాలేదు. నిర్వాహకులు క్రమస్థానములు నిర్ణయించుటలో ఆమె పేరు లేకుండెను. క్రమస్థానము గలవారు తొలి ఆటలలో ఒకరికొకరు ఎదురుపడరు. లేనివారు ఎవరి నోట బడుదురో చెప్పలేము. మొదటి ఆటలో జర్మనీ యువతిని గెలిచిన నిఖత్‌కు రెండవ ఆటలోనే చైనా దేశపు వూ యూ ఎదురయ్యెను. వూ యూ మొదటి క్రమస్థానము గలది. తుదకు స్వర్ణము గెలిచినదియు ఆమెయే. 2024 ఆగస్టు 1వ తేదీన నిఖత్ 0-5తో ఓడి కన్నీరు పెట్టుకొనెను. అదే దినమున సాత్విక్ జోడీయు పతకమునకు దూరమయ్యెను. ఆ రాత్రి అమలాపురమునను, నిజామాబాదునను ఒకే విధమైన దుఃఖము!

ఆ సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము ఆమెను పోలీసు శాఖలో డి.ఎస్.పి.గా నియమించెను. ఉద్యోగము లభించినంతనే ఆమె గ్లవుసులు విడువలేదు. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాయందు జరిగిన ప్రపంచ కప్పు తుది పోటీలలో మరల స్వర్ణము గెలిచెను. తరగతి 51 కిలోలు. ఆరేండ్ల క్రితము ఢిల్లీలో 9-1తో ఓడిన తరగతియే అది.