నవాహోల ప్రతినిధి - ఆనీ వానెకా

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరృతి భాగమున ఎఱ్ఱని కొండలతోను, ఇసుక మైదానములతోను నిండిన విశాలప్రదేశ మొకటి కలదు. ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రములలో వ్యాపించిన ఆ నేల నవాహోలను ఆదిమజాతివారి నివాసభూమి. 1864లో అమెరికా సైన్యము వారిని స్వస్థలమునుండి వెడలగొట్టి, వందలాది మైళ్ళు నడిపించి, నిర్బంధములో నుంచెను. 1868లో జరిగిన ఒడంబడికవలన వారు తిరిగి తమ నేలను చేరుకొనిరి. 1923లో వారి వ్యవహారములను చర్చించుటకు జాతిసభ ఏర్పడెను. దాని తొలి అధ్యక్షుడు హెన్రీ చీ డాడ్జ్. ఆయన నవాహో భాషను, ఇంగ్లీషును ఎఱిగి, దుబాసిగా పనిచేసినవాడు. ఆయన కుమార్తెయే ఆనీ.

ఆనీ 1910లో ఆరిజోనాలో జన్మించెను. తండ్రి సంపన్నుడైనను, ఆమె చిన్ననాట గొఱ్ఱెలను కాచెను. ఎనిమిదవ యేట ఫోర్ట్ డిఫయెన్స్‌లోని ప్రభుత్వ వసతి పాఠశాలలో చేరెను. 1918లో ఇన్‌ఫ్లుయెంజా అను విషజ్వరము ఆ పాఠశాలలో ప్రబలెను. ఆనీకి జ్వరము స్వల్పముగా వచ్చి తగ్గిపోయెను. కాని తోడి విద్యార్థులు అనేకులు మరణించిరి. కోలుకొనిన ఆ బాలిక, లేవలేని పిల్లలకు ఆహారము తినిపించుచు నర్సుకు తోడ్పడెను. ఆ దృశ్యములు ఆమె మనస్సునుండి చెరగిపోలేదు.

1929లో ఆమె జార్జి వానెకాను వివాహమాడెను. నవాహోలలో స్థానిక సభలకు చాప్టర్లని పేరు. పశువుల మేత, నీరు, దారులు మున్నగు విషయములను ప్రజలు అచట కూడి చర్చింతురు. ఆనీ తండ్రివెంట ఇట్టి సభలకు పోయి, జనుల కష్టసుఖములను ఓర్పుతో వినుట నేర్చుకొనెను. 1947లో తండ్రి గతించెను. 1951లో ప్రజలామెను జాతిసభకు ఎన్నుకొనిరి. ఆ సభలో స్థానము పొందిన రెండవ మహిళ ఆమె.

ఆ కాలమున క్షయవ్యాధి నవాహోలను మిక్కిలి పీడించుచుండెను. సభవారు ఆరోగ్యసంఘ బాధ్యతను ఆనీకి అప్పగించిరి. వైద్యశాలలున్నవి, వైద్యులున్నారు. అయినను చాలమంది రోగులు చికిత్స ముగియకముందే ఇండ్లకు వెడలిపోవుచుండిరి. వారి దగ్గు, ఉమ్ముల మూలమున కుటుంబములో తక్కినవారికిని వ్యాధి సోకుచుండెను. వారిని నిందించుటకు ముందు తానే నేర్చుకొనవలెనని ఆనీ తలచెను. ప్రజారోగ్య శాఖవారి ప్రయోగశాలలకు పోయి, క్షయక్రిములు ఎట్టివో, ఎట్లు వ్యాపించునో తెలిసికొనెను.

అప్పు డామెకు అసలు చిక్కు బోధపడెను. వైద్యులు ఇంగ్లీషులో మాటలాడుదురు. రోగులలో పెక్కుమందికి ఆ భాష రాదు. కంటికి కనబడని క్రిములవలన రోగము వచ్చుననుటకు నవాహో భాషలో వాడుకమాటలు లేవు. పిడుగుపడిన చెట్టును తాకుటవలన ఈ రోగము వచ్చునని కొందరు నమ్ముచుండిరి. తమవారికి దూరముగా, తెలియని భాష నడుమ, ఏ కారణముచే మంచముపై పడియుండవలెనో ఎఱుగని రోగి ఇంటిదారి పట్టుటలో వింత యేమున్నది?

ఆనీ వైద్యశాలలకు పోయి, రోగుల ప్రక్కన కూర్చుండి, వారి భాషలో వివరించెను. వెడలిపోయినవారిని వెదకుచు, మట్టిదారుల వెంట వారి ఇండ్లకు పోయెను. నవాహో మంత్రవైద్యులను ఎగతాళి చేయలేదు. వారితో చర్చించి, క్షయరోగులను వైద్యశాలకు కూడ పంపుడని కోరెను. నవాహోల ఆచారములను గౌరవింపవలసినదిగా వైద్యులకును చెప్పెను. వైద్యపదములకు నవాహోలో అర్థములు చెప్పు నిఘంటువును కూర్చెను. 1960లో గాలప్ పట్టణమునుండి రేడియోలో నవాహో భాషలో ఆరోగ్యవిషయములు చెప్పుట ప్రారంభించెను. కాలక్రమమున క్షయ తగ్గుముఖము పట్టెను. క్రొత్తమందుల మహిమ అందు కొంత కలదు. కాని రోగి విశ్వసించి మ్రింగిననే కదా మందు పనిచేయుట!

1963లో అధ్యక్షుడు కెనెడీ ఆమెను ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అను పురస్కారమునకు ఎంపిక చేసెను. నవంబరులో ఆయన హత్యకు గురి యగుటచే, డిసెంబరులో అధ్యక్షుడు జాన్సన్ దానిని అందజేసెను. ఇంత గౌరవము లభించినను ఆమె తన పని మానలేదు. పరిశుభ్రమైన నీరు, మంచి ఇండ్లు, శిశువుల ఆరోగ్యము, మద్యపాన నివారణ - వీనికొఱకు జాతిసభలో 1970ల చివరివరకు పాటుపడెను. 1984లో నవాహోలు ఆమెను తమ జాతిమాతగా గౌరవించిరి. 1997లో ఆమె కన్నుమూసెను.

తండ్రి రెండు భాషల నడుమ దుబాసి. కుమార్తె రెండు లోకముల నడుమ దుబాసి. సభలో తీర్మానము చేయుట ప్రతినిధి పనిలో సగమే; దానిని జనుల గడపకు, జనుల మాటలో చేర్చుట తక్కిన సగము. ఆనీ వానెకా ఆ రెండవ సగమును మఱువలేదు.