స్టార్ట్ కాని కారు ఏం చెబుతోంది?

మనలో చాలామంది ఇళ్లలో ఉన్న కారు షోరూం నుంచి నేరుగా వచ్చినది కాదు. బదిలీ మీద ఊరు విడిచి వెళ్లేవాళ్లు అమ్మిన కారును బదిలీ మీద ఆ ఊరికి వచ్చినవాళ్లు కొంటూ ఉంటారు. కారు చేతికి వస్తుంది కానీ దాని చరిత్ర రాదు. బ్యాటరీ ఎప్పుడు మార్చారో, ఏ వైరును ఎవరు అతికించారో మనకు తెలియదు. అలాంటి కారు ఒక ఉదయం స్టార్ట్ కాకపోతే ఇంట్లో అందరికీ కంగారే. కొత్త ఊళ్లో నమ్మకమైన మెకానిక్ ఎవరో తెలియదు, అక్కడి భాష రాదు. ఆ కంగారులో బాగున్న బ్యాటరీనే తీసేసి కొత్తది కొనడం కూడా జరుగుతుంటుంది.

'కారు స్టార్ట్ కావడం లేదు' అనడం 'ఒంట్లో బాగాలేదు' అనడం లాంటిది. అది వినగానే డాక్టరు మందు రాయరు. జ్వరమా, దగ్గా, ఎప్పటి నుంచి అని అడుగుతారు. మనమూ కారును అలాగే అడగాలి. అది శబ్దంతో జవాబు చెబుతుంది.

ఇంజన్‌కు కావలసిన మూడు

పాత మారుతి 800 లాంటి చిన్న పెట్రోలు కారునే తీసుకుందాం. 1983లో వచ్చిన ఈ కారుకు 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ ఉండేది. అది స్టార్ట్ కావాలంటే మూడు పనులు జరగాలి. మొదటిది, ఇంజన్‌ను ఎవరో ఒకరు తిప్పాలి. రెండోది, సరైన పాళ్లలో గాలి, పెట్రోలు అందాలి. మూడోది, స్పార్క్ ప్లగ్ దగ్గర సరైన సమయానికి నిప్పురవ్వ పుట్టాలి.

ఒకప్పుడు ఇంజన్‌ను ఇనుప హ్యాండిల్‌తో చేత్తో తిప్పేవారు. అది వెనక్కి తన్ని చేతులు విరిగేవి. 1912లో కాడిలాక్ కార్లలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చాక ఆ బాధ తగ్గింది. మన దేశంలో చాలాచోట్ల దాన్నే 'సెల్ఫ్' అంటారు. తెలుగులో 'సెల్ఫ్ తీసుకోవడం లేదు' అంటే హిందీ మాట్లాడే మెకానిక్ కూడా 'సెల్ఫ్' అనే ఆ ఒక్క మాటతో సగం అర్థం చేసుకుంటాడు.

ముందు వినాలి

పెద్దవాళ్లు తాళం తిప్పినప్పుడు మనం పక్కన కూర్చుని జాగ్రత్తగా వినాలి, చూడాలి. సాధారణంగా నాలుగు రకాలుగా జరుగుతుంది.

1. డ్యాష్‌బోర్డులో దీపాలే వెలగలేదు, ఏ శబ్దమూ లేదు. బ్యాటరీ పూర్తిగా డౌన్ అయి ఉండాలి, లేదా టెర్మినల్ ఊడి ఉండాలి, లేదా పెద్ద ఫ్యూజు పోయి ఉండాలి.

2. దీపాలు వెలిగాయి కానీ తాళం తిప్పగానే మసకబారాయి. 'టకటకటక' అని వినబడింది. బ్యాటరీలో శక్తి చాలడం లేదు, లేదా టెర్మినల్ దగ్గర మురికి కరెంటును అడ్డుకుంటోంది.

3. దీపాలు మసకబారలేదు. ఒకే ఒక్క 'టక్' వినబడింది, ఇంజన్ కదల్లేదు. అనుమానం సెల్ఫ్ మోటారు మీదికి, దానికి వెళ్లే వైరు మీదికి వెళ్లాలి.

4. ఇంజన్ చురుగ్గా తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. అంటే బ్యాటరీ, సెల్ఫ్ తమ పని చేస్తున్నాయి. పెట్రోలు గానీ నిప్పురవ్వ గానీ అందడం లేదు. ఎంపీఎఫ్ఐ ఇంజన్ ఉన్న కార్లలో తాళం ఆన్ చేయగానే వెనక ట్యాంకు వైపు నుంచి రెండు మూడు సెకన్లు సన్నగా 'జుం' అని పెట్రోలు పంపు శబ్దం వస్తుంది. రాకపోతే పంపు ఫ్యూజు, రిలే చూడాలి. పాత కార్లలో పెట్రోలు ముల్లు కూడా అబద్ధం చెప్పగలదు. ఎలుకలు వైర్లు కొరికాయేమో బానెట్ ఎత్తి చూడాలి.

నాలుగో రకం కారుకు కొత్త బ్యాటరీ వేయించడం డబ్బు దండగ. వినడం వల్ల మొదటి లాభం ఇదే.

దీపం వెలిగితే చాలదు

'హెడ్‌లైటు వెలిగిందిగా, బ్యాటరీ బాగానే ఉంది' అని చాలామంది అంటారు. ఇది నిజమో కాదో పదో తరగతిలో చదివే ఓమ్ నియమం చెబుతుంది.

కారు బ్యాటరీ 12 వోల్టులది. టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడి వల్ల అక్కడ 0.05 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకుందాం. లోపలి చిన్న దీపం 5 వాట్లది. అది తీసుకునే కరెంటు సుమారు 0.4 ఆంపియర్. ఆ పొడి దగ్గర పోయే వోల్టేజి 0.4 × 0.05 = 0.02 వోల్టులు. దీపానికి తేడాయే తెలియదు.

సెల్ఫ్ మోటారు సంగతి వేరు. దానికి దాదాపు 100 ఆంపియర్లు కావాలనుకుంటే 100 × 0.05 = 5 వోల్టులు ఆ పొడి దగ్గరే పోతాయి. మిగిలిన 7 వోల్టులతో మోటారు ఇంజన్‌ను తిప్పలేదు. బ్యాటరీ మంచిదే, దీపం వెలుగుతోంది, కారు మాత్రం కదలదు! మందు కొత్త బ్యాటరీ కాదు, కాస్త వంటసోడా కలిపిన నీళ్లు, ఒక పాత బ్రష్షు. ఆ పొడి బ్యాటరీలోని సల్ఫ్యూరిక్ ఆమ్లం వల్ల ఏర్పడుతుంది. వంటసోడా క్షారం కనుక ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది.

సెలవులకు వెళ్లి వచ్చేసరికి

వేసవి సెలవుల్లో కారుకు తాళం వేసి సొంత ఊరికి వెళ్తాం. అయినా కారు పూర్తిగా నిద్రపోదు. గడియారం, అలారం, కంప్యూటర్ కొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 0.05 ఆంపియర్ అనుకుంటే రోజుకు 0.05 × 24 = 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది అయితే 35 ÷ 1.2, అంటే సుమారు 29 రోజుల్లో అది ఖాళీ. పదిహేను రోజులకే సగం అయిపోతుంది. పాత బ్యాటరీకి ఆ సగం చాలదు. అందుకే ఎక్కువ రోజులు వెళ్లేటప్పుడు మైనస్ టెర్మినల్ విప్పించి వెళ్లడం మంచిది.

ఊరు మారితే జబ్బు మారుతుంది

లేహ్ లాంటి చలి ప్రాంతంలో బ్యాటరీలోని రసాయన చర్య నెమ్మదిస్తుంది, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. డౌన్ అయిన బ్యాటరీలోని ద్రవం గడ్డకట్టవచ్చు కూడా. రాజస్థాన్ ఎండలోనూ మన విజయవాడ ఎండలోనూ బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. విశాఖపట్నం లాంటి సముద్ర తీరంలో ఉప్పుగాలికి వైర్ల చివరలు, ఇనుప భాగాలు త్వరగా తుప్పు పడతాయి. కారు అంతకుముందు ఏ ఊళ్లో తిరిగిందో అడగడం అందుకే అవసరం.

పెద్దవాళ్ల పని, మన పని

బానెట్ కింద చేతులు పెట్టడం పెద్దవాళ్ల పనే. బ్యాటరీలో ఆమ్లం ఉంటుంది, దాని నుంచి మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. టెర్మినల్ విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. సెల్ఫ్‌ను ఒకేసారి ఐదు సెకన్లకు మించి తిప్పకుండా, మధ్యలో అర నిమిషం ఆగాలి.

పక్కింటివాళ్ల కారు నుంచి కరెంటు తీసుకునేటప్పుడు రెండు కార్లూ ఆపి, ఒకదానికొకటి తగలకుండా ఉంచాలి. ఎర్ర కేబుల్ ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ మైనస్‌కు తగిలించి, రెండో చివరను మన కారు ఇంజన్ మీద రంగులేని లోహ భాగానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. చివరి కలయికలో నిప్పురవ్వ రావచ్చు. అది హైడ్రోజన్ దగ్గర రాకూడదు కదా! గడ్డకట్టిన బ్యాటరీకి మాత్రం ఈ పని చేయనే కూడదు.

మన పని వినడం, వరుస గుర్తు చేయడం, రాయడం. కారు కోసం ఒక చిన్న నోటుపుస్తకం పెడదాం. తేదీ, ఊరు, వినబడిన శబ్దం, చేసిన పని, ఫలితం రాద్దాం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. బ్యాటరీ కొన్న తేదీ మొదటి పేజీలో ఉండాలి. మళ్లీ బదిలీ వచ్చి కారు అమ్మినప్పుడు తాళాలతో పాటు ఆ పుస్తకాన్నీ ఇద్దాం. మనకు అందని చరిత్ర, మన తర్వాత వచ్చే పిల్లల ఇంటికైనా అందుతుంది.

అభ్యాసం

1. ఒక్కొక్కటి 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు ఆర్పడం మరిచిపోతే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఎన్ని గంటల్లో ఖాళీ అవుతుంది?
2. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల దగ్గర ఎందుకు చూపుతుంది?
3. మీ ఇంట్లో మాట్లాడే భాషలో, మీరు ఇప్పుడున్న ఊరి భాషలో 'టకటక' శబ్దాన్ని ఎలా చెబుతారో అడిగి రాయండి.