ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం: బీరువాలో ఉన్నదీ, చేలో ఉన్నదీ

— బి.ఎస్సీ. (బి.జడ్.సి.), తృతీయ సంవత్సరం

జీవశాస్త్రమంటే ప్రాణమున్న వాటిని గురించి చెప్పే శాస్త్రం. ఈ నిర్వచనాన్ని తొమ్మిదో తరగతి కుర్రవాణ్ణి నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేస్తాడు. కాని "ఈ ఏడాది మీ క్లాసులో ప్రాణమున్నది ఏదైనా చూశారా?" అని అడగండి, నీళ్ళు నములుతాడు. గోడకు రెండు పటాలు, బల్ల మీద సుద్దముక్క, చేతిలో గైడు. చాలా ఊళ్ళలో జీవశాస్త్రం ఈ మూడింటితోనే నడిచిపోతోంది. ఎందుకని అడిగితే "పరికరాలు లేవు" అంటారు. ఈ జవాబు ఎంతవరకు నిజమో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వానమీద ఆధారపడి వేరుశనగ వేసే రైతు ఇంటి నుంచి వచ్చాను. మా వైపు దాన్ని చెనక్కాయ అంటాం. మన కాలేజీలో బి.జడ్.సి. చదువుతున్న వాళ్ళలో చాలామందిమి రేపు బి.ఇడి. చేసి ఏదో ఒక ఉన్నత పాఠశాలలో నల్లబల్ల ముందు నిలబడవలసిన వాళ్ళమే. అందుచేత ఈ సంగతి మనకు పరాయిది కాదు.

బీరువాలోని మైక్రోస్కోపు

నేను చదివిన బడిలో మైక్రోస్కోపు ఉండేది. అద్దాల బీరువాలో, ప్లాస్టిక్ తొడుగు కప్పుకొని ఉండేది. మూడేళ్ళలో ఒక్కసారి కూడా అది బయటికి రాలేదు. స్టాకు రిజిస్టరులో భద్రంగా ఉంది, మా తలల్లో మాత్రం లేదు. ఇందులో ఒక్క ఉపాధ్యాయుణ్ణి తప్పు పట్టి లాభం లేదు. వస్తువు పగిలితే సంజాయిషీ అడిగేవాళ్ళున్నారు గాని, పిల్లలు దాన్ని చూడకపోతే అడిగేవాళ్ళు లేరు.

ఇక్కడ ఒక చరిత్ర గుర్తు చేసుకోవాలి. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. ఆ రోజుల్లో తన మైక్రోస్కోపు మరలు చెమటకు తుప్పు పట్టాయనీ, మిగిలిన ఒక్క కంటికటకం కూడా చిట్లి ఉందనీ ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. చిట్లిన కటకంతో చూసినవాడికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. చిట్లని కటకం మన బీరువాలో ఉంది. తేడా పరికరంలో లేదు.

ఆ బీరువా తాళం తీయగలిగితే మొదటి పాఠానికి కావలసింది ఒక ఉల్లిగడ్డ. పొరను విరిచి, లోపలి గుంట వైపున్న పలచని తోలును మెల్లగా లాగి, గాజుపలక మీద నీటిచుక్కలో మడత పడకుండా పరచాలి. మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ నీళ్ళలో కలిపి ఒక చుక్క వేస్తే చాలు. ఇటుకలు పేర్చినట్లు కణాలు, ఒక్కొక్క దానిలో చుక్కలాంటి కేంద్రకం కనిపిస్తాయి. కణాన్ని ఒక్కసారి కంటితో చూసిన పిల్లవాడికి "కణం జీవి యొక్క ప్రాథమిక ప్రమాణం" అన్న వాక్యం బట్టీ పట్టవలసిన పనిలేదు.

మైక్రోస్కోపు అసలే లేని బళ్ళకు కూడా ఈనాడు దారి ఉంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త మనుప్రకాశ్, ఆయన విద్యార్థులు కలిసి కాగితాన్ని మడిచి చేసే "ఫోల్డ్‌స్కోప్"ను 2014లో లోకానికి తెలియజేశారు. చిన్న గాజుపూసలాంటి కటకంతో అది వస్తువును 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. ఇది బొత్తిగా కొత్త ఊహ కాదు. 1670ల్లో లీవెన్‌హుక్ అనే డచ్చి బట్టల వ్యాపారి తన చేత్తో అరగదీసిన ఒంటి కటకంతోనే చెరువు నీటిలోని సూక్ష్మజీవుల్ని చూశాడు.

చెట్టు కింద ప్రయోగశాల

మైక్రోస్కోపు అక్కరలేని పాఠాలు ఇంకా ఎక్కువ. "బాష్పోత్సేకం" అన్న మాట పిల్లలకు నోరు తిరగదు. బడి ఆవరణలోని వేపకొమ్మకో, కానుగ కొమ్మకో ఉదయం పూట పలచని ప్లాస్టిక్ సంచి తొడిగి, మూతి బిగించి కట్టమనండి. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేసరికి సంచి లోపల నీటిచుక్కలు కనపడతాయి. ఇంతటితో ఆగితే అది తమాషా మాత్రమే. పక్కనే ఆకులన్నీ దూసేసిన మరో కొమ్మకు రెండో సంచి కట్టినప్పుడే అది ప్రయోగమవుతుంది. మొదటి సంచిలో చుక్కలు నిండుగా, రెండో సంచిలో బహు కొద్దిగా ఉంటే, నీళ్ళు ఎక్కువగా ఆకుల్లోంచే వచ్చాయని పిల్లవాడే తేల్చుకుంటాడు. పోలికకు పక్కన ఇంకొకటి పెట్టడం, నా ఉద్దేశంలో, శాస్త్రబోధనలో అన్నిటికంటె విలువైన పరికరం. దానికి పైసా ఖర్చు లేదు.

ఆ నీళ్ళు ఆకులో ఎక్కడినుంచి వచ్చాయి? ఆకు అడుగువైపు గోళ్ళరంగు పలచగా పూసి, ఆరాక అంటుటేపుతో పైకి లేపితే పత్రరంధ్రాల అచ్చు దిగుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెట్టవచ్చు. మామిడాకు అడుగున రంధ్రాలుంటాయి, పైన ఉండవు. నీటి మీద తేలే తామరాకుకు పైనే ఉంటాయి. ఎందుకలా ఉన్నాయో పిల్లల్నే ఆలోచించమనాలి. మాస్టారు జవాబు చెప్పడానికి తొందరపడకూడదు.

పూల పాఠానికి మందారం అందరూ తెస్తారు. దానికి తోడు గుమ్మడిపాదు దగ్గరికి తీసుకుపోవాలి. పిందెలాంటి ఉబ్బు కిందనున్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు. సాయంత్రం రెండు ఆడమొగ్గలకు కాగితపు సంచులు తొడగాలి. తెల్లవారి పువ్వు విచ్చినప్పుడు ఒకదానికి మాత్రం మగపువ్వు పుప్పొడి అద్ది మళ్ళీ సంచి కట్టాలి. నాలుగైదు రోజుల్లో ఏది నిలిచిందో, ఏది పండి రాలిందో చూస్తే పరాగసంపర్కం మీద రెండు పేజీల నోట్సు అక్కరలేదు.

చెనక్కాయ చెట్టు చెప్పే నాలుగు పాఠాలు

మా చేలోని ఈ ఒక్క మొక్కతో పదో తరగతి వరకు ఎన్ని పాఠాలు చెప్పవచ్చో చూడండి.

మొదటిది విత్తనం. నానిన గింజను రెండుగా విప్పితే రెండు బీజదళాలు, వాటి కొనన ముక్కులాంటి చిన్న పిండం. విత్తే ముందు మా నాయన నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టాలో చుట్టి, మొలిచినవెన్నో చూస్తాడు. ఎనభై మొలిస్తే మొలకశాతం ఎనభై. జీవశాస్త్రమూ లెక్కలూ ఒక్క పట్టాలో చుట్టుకుని ఉన్నాయి. నాసి విత్తనం కొన్న రైతుకు ఈ చిన్న లెక్క ఒక పంటకాలం నష్టాన్ని ముందే చెబుతుంది.

రెండవది వేరుబుడిపెలు. మొక్కను పీకకూడదు. మట్టిగడ్డతో సహా తవ్వి, నీళ్ళలో నానబెట్టి, మెల్లగా కడగాలి. వేళ్ళకు పూసల్లాగా బుడిపెలుంటాయి. గోటితో నొక్కి చీలిస్తే లోపల గులాబి రంగు ఉంటే అది పనిచేస్తున్న బుడిపె. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థానిది, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. అందులో కాపురముండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. పక్కన ఒక జొన్న వేరు కడిగి చూపించండి. బుడిపెలుండవు.

మూడవది ఊడ. చెనక్కాయ భూమిలో కాస్తుంది కాబట్టి అది వేరుకు కాసిందని పట్నం పిల్లలు అనుకుంటారు. నిజానికి పసుపుపచ్చని పువ్వు నేలకు పైనే పూస్తుంది. ఫలదీకరణ జరిగాక అండాశయం కిందనుంచి ఊడ సాగి, నేలలోకి దిగి, దాని కొన కాయవుతుంది. కాబట్టి అది ఫలం, వేరు కాదు. పక్కనే బంగాళదుంపను, గెనుసుగడ్డను పెట్టండి. మొదటిది కాండం, రెండవది వేరు. మూడూ మట్టిలోనివే, మూడూ వేరువేరు భాగాలు.

నాలుగవది ఆకుల నిద్ర. పగలు విప్పుకొని ఉండే నాలుగు చిట్టి ఆకులు పొద్దు గూకాక జంటలుగా ముడుచుకుంటాయి. మొక్కలకు చలనం లేదనే పిల్లవాణ్ణి సాయంత్రం ఆరున్నరకు చేను గట్టున నిలబెడితే చాలు.

కప్పకు బదులు

జంతుశాస్త్రమంటే కప్పను కోయడమే అన్న కాలం పోయింది. విశ్వవిద్యాలయాల్లో జంతువులను కోసే ప్రాక్టికల్స్‌ను ఆపవలసిందిగా యూజీసీ 2014లో ఆదేశించింది. కప్పకాళ్ళ ఎగుమతిని మన ప్రభుత్వం అంతకుముందే, 1987లో నిషేధించింది. పురుగులను తినే కప్ప చేలో ఉంటేనే రైతుకు లాభం.

అయితే అవయవాలను చూపించడమెలా? వేటమాంసం కొట్టులో గొర్రె గుండెకాయ దొరుకుతుంది. నిలువునా కోసి, రెండు జఠరికల గోడల్నీ వేళ్ళతో పట్టి చూడమనాలి. ఎడమ గోడ బాగా మందం. ఎడమ జఠరిక ఒళ్ళంతటికీ నెత్తురు నెట్టాలి, కుడిది పక్కనున్న ఊపిరితిత్తులకు నెడితే చాలు. ఈ సంగతి వేళ్ళకు తెలిసినట్టు పటానికి తెలియదు. ఇష్టం లేని పిల్లల్ని మాత్రం బలవంతపెట్టకూడదు.

శ్వాసక్రియకు మాంసం కొట్టు కూడా అక్కరలేదు. అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసా, లోపల ఒక బుడగ, అడుగున బిగించి కట్టిన రబ్బరు పొర. పొరను కిందికి లాగితే బుడగ ఉబ్బుతుంది. "ఊపిరితిత్తి" అన్న మాటలోనే కొలిమితిత్తి ఉంది. తిత్తి తనంతట తాను ఊదదు, కమ్మరి లాగాలి. ఇక్కడ లాగే పని ముఖ్యంగా ఉదరవితానానిది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఆకులోని పత్రహరితం తీయడానికి స్పిరిటును ఎన్నడూ నేరుగా మంట మీద పెట్టకూడదు, వేడినీళ్ళ గిన్నెలో ఉంచాలి. ఉమ్మెత్త పువ్వు పాఠానికి పనికొస్తుంది గాని మొక్కంతా విషం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. మందు కొట్టిన చేలోకి పిల్లల్ని తీసుకుపోకూడదు.

పిల్లవాడి మాట, పుస్తకం మాట

నాతో పదో తరగతి చదివిన ఒక మిత్రుడు కంకిని చూసి ఏ పురుగు తొలిచిందో చెప్పగలిగేవాడు. వరిలో తెల్లకంకి వస్తే కాండం చీల్చి పురుగును చేతిలో పెట్టేవాడు. జీవశాస్త్రం పరీక్షలో అతనికి పాసు మార్కులు రాలేదు. ప్రశ్నపత్రంలో "కీటకం యొక్క రూపవిక్రియ దశలను వివరింపుము" అని ఉంది. లార్వా, ప్యూపా అంటే తనకు తెలిసిన పురుగూ, దాని గూడూ అని అతనికి ఎవరూ చెప్పలేదు. అతడు చదువు మానేశాడు. తెలివిలేక కాదు, తనకు తెలిసింది చదువే కాదని నమ్మి మానేశాడు. బీరువాలో మైక్రోస్కోపు ఉండిపోవడం కంటె నాకు ఇదే పెద్ద నష్టంగా తోస్తుంది.

పుస్తకం మాటలు వద్దని నేననడం లేదు. పైచదువులకు అవి కావలసిందే. కాని ముందు పిల్లవాడి మాట, దాని పక్కన పుస్తకం మాట రావాలి. ఊడ అన్నాకే అండాశయం. పురుగు అన్నాకే లార్వా.

ఇదంతా ఆచరణలో అయ్యే పనేనా అని కొందరికి సందేహం. 1972లో మధ్యప్రదేశ్‌లోని అప్పటి హోషంగాబాద్ జిల్లాలో 16 పాఠశాలల్లో విజ్ఞానశాస్త్రాన్ని ప్రయోగాల ద్వారానే నేర్పే కార్యక్రమం మొదలయింది. పిల్లలు జట్లుగా చేసి చూసేవారు, చూసింది రాసుకునేవారు, పరీక్షకు పుస్తకం తెరిచి కూర్చునేవారు. ముప్ఫయ్యేళ్ళు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం ఆపివేసింది. ఆగిపోయినా, పల్లెటూరి సర్కారు బడిలో ఇది సాధ్యమేనని అది రుజువు చేసింది.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోనే క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. సెల్‌ఫోనులో వీడియోలు ఉన్నాయి. కొట్టుకుంటున్న గుండె లోపలిభాగం, విడిపోతున్న డి.ఎన్.ఏ. వంటివి చూపించడానికి అవి ఎంతో మేలు. కాని కిటికీ అవతల నిజమైన వేపచెట్టు ఉండగా వేపచెట్టు వీడియో చూపించడం ఇంట్లో అన్నం పెట్టుకుని ఊరంతా అడుక్కున్నట్టు ఉంటుంది.

కనుక ఉపాధ్యాయులు కాబోతున్న మిత్రులకు నా మనవి. మీరు చేరిన బడిలో మొదటివారమే బీరువా తాళంచెవి అడగండి. ఏ నెలలో ఏ పాఠమో కాదు, ఏ నెలలో చేలో ఏముంటుందో రాసుకుని పాఠాలను దానికి జతపరచండి. చెనక్కాయ పూత పట్టినప్పుడే పువ్వు పాఠం, వానలు పడ్డప్పుడే దోమ పాఠం. అధ్యాపకులకు కూడా ఒక విన్నపం. మన కాలేజీ ప్రయోగశాలలో పాతబడి పక్కన పెట్టిన స్లైడ్లు, భూతద్దాలు చుట్టుపక్కల ఉన్నత పాఠశాలలకు ఏడాదికి రెండు వారాలు అరువివ్వగలిగితే, వాటిని మోసుకుపోయి చూపించి తిరిగి తెచ్చే పని మేము చేస్తాం. విద్యార్థిసంఘం తలచుకుంటే వచ్చే విద్యాసంవత్సరంలోనే ఇది మొదలుపెట్టవచ్చు.