గోడ బీట తీసిందా? పూత పూసే ముందు కారణం అడుగు

చెల్లీ, గోడ మీద బీట కనబడగానే మన ఇళ్ళల్లో వినిపించే మొదటి మాట నీకూ తెలుసు: "మేస్త్రీని పిలవండి, ఇంత సిమెంటు పూసి పోతాడు." రెండో మాట, "ఎవరి దిష్టి తగిలిందో!" ఈ రెండు మాటల మధ్య అసలు అడగాల్సిన ప్రశ్న ఎటో పోతోంది. ఎందుకు బీట తీసింది? ఇవాళ నీతో ఆ ఒక్క సంగతే మాట్లాడాలని ఉంది. పూత పూస్తే బీట కనబడదు, అంతే. కారణం మాత్రం గోడలోనో పునాది కిందో తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

విశాఖ పక్క మన ఆనందపురమే చూడు. పూల మార్కెట్టుకి పేరుపడ్డ ఊరు. అనకాపల్లి దాకా ఆరు వరసల రోడ్డు పడింది. అటు భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఇటు లేఅవుట్లు లేచాయి. కొండవాలు చెక్కిన గ్రావెల్ తెచ్చి పల్లాలు కప్పుతారు, గెడ్డ పక్క నేల కూడా చదునై ప్లాటైపోతుంది. పైకి అంతా ఒకటే ఎర్రమట్టి. అలాంటి చోట నీ ఇంట్లో సగం పాత మెట్ట మీద, సగం నిరుడు కప్పిన మట్టి మీద పడిందనుకో. గట్టి నేల మీది సగం కదలదు. కప్పిన మట్టి మీది సగం వానలు పడేకొద్దీ కుంగుతుంది. ఇల్లంతా ఒక్కతీరున కాస్త దిగితే గోడకి పెద్ద బాధ లేదు. ఒక మూల దిగి, ఇంకో మూల దిగకుండా ఉండిపోతేనే గోడ చీలుతుంది. అందుకే స్థలం కొనేముందు బ్రోచర్ పక్కన పెట్టి ఆ ఊరి ముసలమ్మనొకర్ని అడగమంటాను, "అమ్మా, ఇక్కడ ముందు ఏటుండేది?" అని. చెరువో, గెడ్డో, జీడితోటో ఆవిడ ఠక్కున చెప్పేస్తుంది.

బీట ఎక్కడ మొదలై ఎటు పోయిందో చూస్తే సగం కారణం అక్కడే తెలుస్తుంది. కిటికీ మూల నుంచో గుమ్మం మూల నుంచో ఏటవాలుగా పాకినా, ఇటుకల వరసల్లో మెట్లు మెట్లుగా దిగినా, పునాది కుంగుతోందేమోనని అనుమానించాలి. దాంతోబాటు తలుపు గడియ పట్టకపోవడం, కిటికీ రెక్క బిగుసుకుపోవడం కూడా ఉంటే అనుమానం బలపడుతుంది. ఈ గుర్తులు ఇంట్లో అందరికంటే ముందు మన కంటనే పడతాయి, రోజూ ఆ తలుపులు వేసి తీసేది మనమే గనక. నువ్వు చెబితే "నీకన్నీ భయాలే" అని మగవాళ్ళు కొట్టిపారేస్తే ఊరుకోకు.

పై అంతస్తులో శ్లాబు కిందుగా గోడ పొడుగునా అడ్డంగా సన్నని గీత పడితే అది చాలావరకు ఎండ చేసిన పని. 10 మీటర్ల పొడుగు శ్లాబు 20 డిగ్రీల వేడి తేడాకి దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది. కింది ఇటుకగోడ అంత సాగలేక విడిపోతుంది. పిల్లరూ ఇటుకగోడా కలిసే చోట నిలువుగా పడే గీత కూడా ఇలాంటిదే, ప్లాస్టరింగుకి ముందు అక్కడ జాలీ బిగించకపోతే వస్తుంది. గోడంతా సాలెగూడులా అల్లుకునే వెంట్రుకవాసి గీతలైతే ప్లాస్టరింగు మీద సరిగా నీళ్ళు కొట్టకపోవడం వల్ల రావచ్చు. వీటికి నిద్ర మానుకోనక్కర్లేదమ్మా.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. శ్లాబు అడుగునో బీము అడుగునో ఎర్రటి తుప్పు మరక, కడ్డీ పొడుగునా బీట, ఆ తర్వాత పెచ్చులూడటం. మన విశాఖ తీరంలో ఇది ఇంటింటి కథ. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి ఇంకి కడ్డీని చేరుతుంది. తుప్పుపట్టిన ఇనుము 2 నుంచి 6 రెట్లు ఉబ్బుతుంది. లోపల చోటు లేదు గనక కాంక్రీటును పగలదీసుకుని బయటికొస్తుంది. మనది ఉక్కునగరం, మేలైన కడ్డీ గుమ్మం ముందే దొరుకుతుంది. కానీ చుట్టూ తగినంత కాంక్రీటు కప్పు లేకపోతే ఎంత మేలైన కడ్డీకైనా తుప్పు తప్పదు. ఐఎస్ 456 అనే మన దేశపు కాంక్రీటు నియమావళి ప్రకారం ఆ కప్పు మామూలు చోట్ల 20 మిల్లీమీటర్లు, తీరపు గాలి తగిలే చోట 45 మిల్లీమీటర్లు ఉండాలి. శ్లాబు పోసేనాడు కడ్డీని ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు పెట్టకుండా, కడ్డీల మీద తొక్కుకుంటూ పోతే ఆ కడ్డీ సెంట్రింగు రేకుకి అంటుకుపోతుంది. అదే నియమావళి, కడ్డీలు వేసే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. భీమిలి వైపు ఉప్పబోరు నీళ్ళతో శ్లాబు పోయించాలనుకునే చెల్లెళ్ళు ముందు ఆ నీళ్ళు పరీక్ష చేయించండి.

బీట ఎంత ఉందన్నదానికంటే పెరుగుతోందా లేదా అన్నది పెద్ద సంగతి. బీట రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత పెట్టి తేదీ వెయ్యి. అడ్డంగా ఒక సన్నని గాజుముక్క రెండు వైపులా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అతికించు. గోడ కదిలితే గాజు పుటుక్కుమంటుంది. వెడల్పు చూడ్డానికి నీ పర్సులో ఏటీఎం కార్డుంది కదా, దాని మందం సుమారు ముప్పావు మిల్లీమీటరు. అది బీటలో దూరుతోందా చూసి రాసుకో. మృగశిర నుంచి స్వాతి కార్తె వెళ్ళేదాకా నెలకోసారి రాశావంటే, వానకి మారుతోందా, ఎండకి మారుతోందా, ఏ కాలమైనా పెరుగుతూనే ఉందా తెలిసిపోతుంది. ఇంజనీరు వచ్చినప్పుడు ఈ పుస్తకం చేతిలో పెట్టు, ఆయన పని సగం తేలికవుతుంది.

కారణం వెతకడం ఎందుకింత ముఖ్యమంటున్నానో చెబుతాను. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌళివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలింది. 61 మంది పోయారు. మన శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూలికెళ్ళిన బిడ్డలు అందులో ఎందరో. ఆ సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన పడింది గనక, పిడుగు పడి కూలిందని కట్టించినవాళ్ళు చెప్పారు. ఆ మాటే నిలిచిపోయి ఉంటే తప్పంతా ఆకాశానిదయ్యేది. జస్టిస్ రఘుపతి కమిషన్ విచారణలో పునాదిలోనూ స్తంభాల బలంలోనూ లోపాలు బయటపడ్డాయి. పక్కనే నిలిచి ఉన్న జంట భవనాన్ని కూడా 2016 నవంబరులో కూల్చేశారు. కారణం తవ్వి తీసినందువల్లే ఆ రెండోది ఎవరి ప్రాణాలూ తీయలేదు.

అంత దూరం దేనికి, మన సింహాచలమే ఉంది. 2025 ఏప్రిల్ 30, చందనోత్సవం తెల్లవారుజామున వానకి క్యూ పక్క గోడ కూలి ఏడుగురు భక్తులు కన్నుమూశారు. ఆ గోడ కట్టి నెలైనా కాలేదు. విచారణకు వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ దృష్టి గోడ కట్టిన తీరు మీదికే పోయింది. నీ ఇంటి ప్రహరీ వెనక ఎత్తున మట్టి ఉంటే, ఇంకిన వాననీరు బయటికి పోయే తూములు ఆ గోడకి ఉన్నాయో లేదో ఈరోజే చూసుకో. నీరు పోయే దారి లేకపోతే ఆ బరువంతా గోడ మీదే.

విశాఖ రామజోగిపేట సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 2023 ఉగాది వెళ్ళిన అర్ధరాత్రి దాటాక కలెక్టరేట్ దగ్గర మూడంతస్తుల పాత ఇల్లు కూలి ముగ్గురు చనిపోయారు. అందులో ఒక పిల్ల కొన్ని గంటల ముందే పుట్టినరోజు చేసుకుంది. పక్క స్థలంలో తవ్వకాలు జరిగిన సంగతి అప్పుడే పేపర్లలో వచ్చింది. పక్కవాళ్ళు పునాది తవ్వుతుంటే "మన స్థలం కాదుగా" అనుకోకూడదమ్మా. తవ్వకం మొదలవకముందే నీ గోడలన్నీ తేదీ పడేలా ఫోటోలు తీసుకో. కొండల్లో క్వారీ పేలుళ్ళున్న ఊళ్ళవాళ్ళకీ ఇదే చెబుతాను. పేలుడు కంపనం ఇళ్ళ దగ్గర ఎంత మించకూడదో గనుల భద్రతా విభాగం 1997లోనే హద్దు పెట్టింది. ఫోటోలుంటేనే నీ ఫిర్యాదుకి బలం.

మేస్త్రీ చేయి మంచిదే, కానీ కారణం తేల్చడం ఆయన పని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలువు. కాంక్రీటు గట్టిదనం చూడ్డానికి రీబౌండ్ హ్యామర్, లోపలి డొల్లలు పట్టడానికి అల్ట్రాసోనిక్ పరీక్ష, తుప్పు జాడ తెలియడానికి హాఫ్ సెల్ పరీక్ష ఉన్నాయి. ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ విభాగంలో అడిగితే దారి చెబుతారు. ఎవరు చూసినా ఒక్క మాట పట్టుబట్టు: "కారణం కాగితం మీద రాసివ్వండి." రాసిచ్చాకే రిపేరుకి డబ్బు తియ్యి.

పిల్లరు మీద బీటలు పడి కాంక్రీటు నలుగుతున్నా, బీము కిందికి వంగినా, రాత్రి గోడలో పటపటమని చప్పుళ్ళు వినిపించినా పరీక్షల దాకా ఆగకు. ముందు పిల్లల్ని, పెద్దవాళ్ళని తీసుకుని బయటికి రా. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉంటాడు, తెల్లారగానే ఆయనకి రాతపూర్వకంగా తెలియజెయ్యి.