బోటెక్కే ముందు సముద్రం లెక్క

సూరత్ భేస్తాన్‌లో సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల షిఫ్టుతో విసిగిపోయి, గుజరాత్ తీరంలోని వేరావల్ పోయి చేపల బోటెక్కుదామని చూస్తున్న కుర్రాళ్ల కోసం ఇది. శ్రీకాకుళం, విజయనగరం తీరాల మనవాళ్లు ఏళ్లుగా అక్కడ కలాసీలుగా (బోటు కూలీలుగా), తండేళ్లుగా (బోటు నడిపేవాళ్లుగా) చేస్తున్నారు. తెలిసినవాడు ఒకడుంటే పని దొరుకుతుంది, అడ్వాన్సూ చేతిలో పడుతుంది. ఎంతిస్తారని అందరూ అడుగుతారు. నెలజీతమా, పడిన చేపలో వాటానా అని అడిగేవాళ్లు తక్కువ. పేచీ అంతా అక్కడే.

వాటా ఎంతొస్తుందో తేల్చేది సముద్రం. ఆ అరేబియా సముద్రం వేడెక్కుతోంది. వేడెక్కిన నీరు తేలికై పైనే నిలిచిపోతుంది. అడుగునున్న చల్లనీరు, దాంతో రావాల్సిన పోషకాలు పైకి రావు. దాంతో కంటికి ఆనని మొక్కజీవులు, అదే ప్లాంక్టన్, తగ్గిపోతాయి. వాటి మీద బతికేవి కవ్వలు, కవ్వల్ని తినేవి పెద్ద చేపలు, వాటి వెనక బోటు, బోటు వెనక మీ సంపాదన. పశ్చిమ హిందూ మహాసముద్రంలో అరవై ఏళ్లలో ప్లాంక్టన్ 20 శాతం దాకా తగ్గిందని పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో తేల్చారు. చలికాలంలో నీళ్లు పచ్చగా చిక్కబడి, రాత్రి వల లాగేటప్పుడు నీలంగా మెరిస్తే సంబరపడకండి. అది నాక్టిలూకా అనే సూక్ష్మజీవి. జెల్లీచేపలు తింటాయి గానీ మన చేపలకు పెద్దగా పనికిరాదు.

చేప ఎంతలా తగ్గగలదో చూడండి: అదే సముద్రం ఒడ్డున కేరళలో 2012లో దాదాపు 4 లక్షల టన్నులు పడిన నూనె కవ్వలు 2021లో 3,300 టన్నులకు దిగిపోయాయి. తర్వాత కొంత కోలుకున్నాయి. తప్పంతా వేడిదే కాదు, పిల్లచేపల్నీ ఊడ్చేసే వలలదీ ఉంది.

కాబట్టి కొత్తవాళ్లు వాటాకు ఒప్పుకోకండి, నెలజీతానికే వెళ్లండి. మీటరు లెక్కన నేసినవాళ్లకు తెలిసిందేగా, దారం రాకపోతే కూలీ లేదు. వాటా బోటుకు దారం పంపేది సముద్రం. డీజిలు, ఐసు, రేషను మీ లెక్కలో కోస్తారా? వానాకాలంలో వేట బందు పెట్టినప్పుడు ఏమిస్తారు? అడ్వాన్సు తీరకముందే ఇంటికి రావాల్సి వస్తే? ఇవన్నీ మూడో మనిషి వింటుండగా అడగండి. వాట్సాప్‌లో రాయించుకుంటే ఇంకా మంచిది.

చేప దూరం జరిగితే బోటూ దూరం పోతుంది, సరిహద్దు దాటే ప్రమాదమూ పెరుగుతుంది. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. తండేలు సరిహద్దు విషయంలో ఎలాంటివాడో పాత కలాసీల్ని వాకబు చెయ్యండి. తుపాన్ల సంగతీ చూసుకోండి: 2021లో తౌక్తే, 2023లో బిపర్‌జాయ్ గుజరాత్ మీదే పడ్డాయి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేప దొరికే చోట్లు, అలల హెచ్చరికలు తెలుగులోనూ గుజరాతీలోనూ ఇస్తుంది. బోటులో ఎవరి ఫోనుకు వస్తాయో కనుక్కోండి.

ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద 2 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. బ్యాంకులో అది రాయించి, నామినీ వివరాలు, బోటు నంబరు, యజమాని ఫోను ఇంట్లో ఇచ్చాకే రైలెక్కండి.