మందులకు లొంగని క్రిములు – ఒక ఆర్థిక పరిశీలన

రోగక్రిములు యాంటీబయాటిక్ మందులకు లొంగకపోవుటను మనము వైద్యుల సమస్యగా మాత్రమే భావిస్తూ ఉంటాము. కాని దీని మూలములు చాలవరకు అర్థశాస్త్రములో ఉన్నవి. ఈ సంగతిని విద్యార్థులకు క్లుప్తముగా వివరించుటయే మా ఉద్దేశము.

ఊరి చెరువు అందరిది. ఒకడు మితిమీరి నీరు తోడుకొన్నచో లాభము అతనిది, నష్టము ఊరందరిది. యాంటీబయాటిక్‌ల శక్తియు ఇటువంటి ఉమ్మడి ఆస్తియే. జలుబు వైరస్ వలన కలుగును. దానిపై ఈ మందులు పనిచేయవు. అయినను జలుబుకు వీటిని మ్రింగినవాడు చెల్లించునది మాత్ర ధర మాత్రమే. బ్రతికి బలపడిన క్రిముల వలన కలుగు నష్టము ఇతరులది. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, హైదరాబాదు సమీపమున పటాన్‌చెరులో శుద్ధిచేసి విడిచిన ఔషధ కర్మాగారముల వ్యర్థజలములో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు తేలినది. ఆ నష్టమును ఏ మాత్ర ధరలోను కలుపలేదు.

క్రొత్త మందులు కనుగొనవచ్చును గదా అని కొందరు అడుగవచ్చును. క్రొత్త మందును పాతవి విఫలమైనప్పుడే వాడవలెను. వాడకము తగ్గినచో అమ్మకము తగ్గును. అమెరికాలోని అకేయోజెన్ సంస్థ ప్లాజోమైసిన్ అను మందుకు 2018లో అనుమతి పొందినది. 2019లో దివాలా తీసినది. మందు పనిచేసినది గాని గిట్టుబాటు కాలేదు.

ఇందుకు ఇంగ్లండు 2022లో ఒక మార్గము చూపినది. రెండు మందులకు, వాడకముతో నిమిత్తము లేకుండ, ఒక్కొక్కదానికి ఏటా 1 కోటి పౌండ్ల వరకు స్థిర రుసుము చెల్లించుటకు అంగీకరించినది. అగ్నిమాపక దళమునకు మంటల లెక్కన గాక నెలజీతము ఇచ్చుట వంటిదే ఇది.

వాడకము తగ్గించుటకు ధరలు పెంచుట సులభమే. కాని ఆ భారము పేదవానిపై పడును. అవసరమైన మందు అందకయు మనుష్యులు మరణించుచున్నారు. మందులకు లొంగని బాక్టీరియా వలన 2019లో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించిరని లాన్సెట్ పత్రికలోని అంచనా. కావున శుభ్రమైన నీరు, టీకాలు, ఆసుపత్రులలో పరిశుభ్రత అను వాటిపై చేయు వ్యయమే మేలైన పొదుపు. రోగమే రానిచో మందు అవసరమే ఉండదు.

మన దేశములో 2014 నుండి కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌ల అమ్మకమును ప్రత్యేక రిజిస్టరులో వ్రాయవలెనను నియమమున్నది. నియమము కాగితముపై మిగిలిపోకుండుటకు, డాక్టరు చీటీ లేనిదే ఈ మందులు కొనరాదని ప్రతి ఇంటను చెప్పవలసినవారు చదువుకొన్నవారే. మన విద్యార్థులు ఆ పనికి పూనుకొందురని ఆశించుచున్నాము.